బిడ్డ బాకీ ముందు, సర్కారు బాకీ తర్వాత

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల మంత్రి
శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,



నరసాపురం మీ అత్తవారి ఊరు. ‘ఫలానా ఆయన ఐపీ పెట్టాడట’ అన్న మాట మీరూ వినే ఉంటారు. తెలుగునాట పత్తి వ్యాపారి మునిగినా, చీటీలు నడిపినాయన చేతులెత్తేసినా, అప్పులిచ్చినవాళ్ళు ముందుగా భయపడేది ఆ మాటకే. నేను ఒక జిల్లా కేంద్రంలో సివిల్ కేసులు చూసే లాయర్ని. అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళ తరఫున ఐపీలు, అంటే దివాలా పిటిషన్లు, వేశాను. అప్పులిచ్చి మోసపోయినవాళ్ళ తరఫున వాటిని ఎదిరించాను. అదే ఆవరణలో, మెట్లు దిగి పక్క హాల్లోకి వెళ్తే, భార్యాపిల్లల మనోవర్తి కేసులు కూడా నడుపుతాను. ఈ రెండు హాళ్ళలోనూ ఒకే మనిషి ప్రతివాదిగానో పిటిషనరుగానో కనిపించినప్పుడు ఆ పిల్లలకు ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూస్తున్నాను. అందుకే ఈ లేఖ.

నా విన్నపం ఇది. 2016లో పార్లమెంటు చేసిన దివాలా స్మృతిలో మామూలు మనుషుల కోసం రాసిన మూడో భాగాన్ని మీ శాఖ ఇంకా పూర్తిగా అమల్లోకి తేలేదు. తెచ్చే ముందు, దివాలాతో ఏ బాకీ మాఫీ కావాలి, ఏది కాకూడదు, ఉన్న కాస్త డబ్బులో ముందు ఎవరికి ఇవ్వాలి అన్న లెక్కను సరిచేయండి. ఆ లెక్కలో బిడ్డకు రావాల్సిన డబ్బు ఖజానాకు రావాల్సిన డబ్బు కంటే ముందుండాలి.

ఇప్పుడు మా కోర్టుల్లో నడుస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 500 రూపాయల అప్పు తీర్చలేని మనిషి పిటిషన్ వేయవచ్చని అందులో రాసి ఉంది. ఆ అంకె ఈనాటికీ మారలేదు. కొత్త స్మృతిలో 243వ సెక్షన్ ఈ పాత చట్టాన్ని రద్దు చేస్తుంది, కానీ ఆ సెక్షన్‌కే ఇంకా ముహూర్తం రాలేదు. 2019 డిసెంబరు 1 నుంచి మూడో భాగం ఒక్క వర్గానికే వర్తిస్తోంది: కంపెనీల అప్పులకు వ్యక్తిగతంగా హామీ ఉన్నవాళ్ళకు. అలా కంపెనీ కోసం సంతకం చేసిన పారిశ్రామికవేత్తకు కొత్త చట్టం దొరికింది. ఎరువుల కొట్టు పెట్టి నష్టపోయినవాడు, కౌలుకు తీసుకున్న మిర్చి చేను ఎండిపోయినవాడు వందేళ్ళు దాటిన చట్టంతోనే సరిపెట్టుకుంటున్నారు.

ఐపీ పెట్టగానే అప్పులన్నీ పోతాయని జనంలో గట్టి నమ్మకం ఉంది. అలా పోవు. ముందు కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటించాలి, ఆస్తి ఏమైనా ఉంటే అఫిషియల్ రిసీవర్ చేతికి రావాలి, గడువులోపల అతను డిశ్చార్జి కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి, కోర్టు ఒప్పుకోవాలి. అప్పుడు గానీ బాకీ పోయినట్టు కాదు. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. అప్పులిచ్చినవాళ్ళు కూడా రిజిస్టర్డ్ పోస్టులో ఐపీ నోటీసు అందగానే ఆశ వదులుకుని ఇంట్లో కూర్చుంటారు.

అన్ని మెట్లూ ఎక్కి డిశ్చార్జి తెచ్చుకున్నా కొన్ని బాకీలు మిగులుతాయి. 44వ సెక్షన్ ఆ జాబితా చెబుతుంది. ప్రభుత్వానికి ఇవ్వాల్సిన అప్పు పోదు. మోసం చేసి తెచ్చిన అప్పు పోదు, మోసంతో గడువు పెంచుకున్నదీ పోదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ కింద కోర్టు వేసిన మనోవర్తి పోదు. ఆ కోడ్ 1898 నాటిది. 1973లో అది 125వ సెక్షన్ అయింది, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. పాత అంకె ఉన్నచోట కొత్తదాన్ని చదువుకోవాలని జనరల్ క్లాజెస్ చట్టం చెబుతుంది కాబట్టి అక్కడి వరకు ఇబ్బంది లేదు.

ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ఈ దేశంలో మనోవర్తి ఒక్క ఆ దారిలోనే రాదు. హిందూ వివాహ చట్టం కింద విడాకుల కోర్టు ఇస్తుంది. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు ఇస్తారు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద సివిల్ డిక్రీ వస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండి, డిగ్రీ చదువుతూ, ఇంకా పెళ్ళికాని కూతురు తండ్రిని పోషణ అడగాలంటే ఆమెకు ఆసరా ఈ 1956 చట్టమే. సంహితలో మైనరు పిల్లలకు, లేదా వైకల్యం వల్ల సంపాదించుకోలేని పెద్ద పిల్లలకు మాత్రమే చోటుంది. 1920లో 44వ సెక్షన్ రాసినవాళ్ళ ముందు ఈ చట్టాలేవీ లేవు. తర్వాత ఎవరూ వాటిని చేర్చలేదు. అక్షరం పట్టుకుని చదివితే, తండ్రి ఐపీ డిశ్చార్జి ముందు చిన్న కొడుకు బాకీ నిలబడుతుంది, కాలేజీకి వెళ్ళే కూతురి బాకీ కొట్టుకుపోతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే తల్లి దగ్గర ఉంటారు.

పంపకం వరుస ఇంకా కష్టం కలిగిస్తుంది. 61వ సెక్షన్ ప్రకారం దివాలాదారు ఆస్తి అమ్మగా వచ్చిన డబ్బులో ముందు తీరాల్సింది ప్రభుత్వానికీ స్థానిక సంస్థలకూ ఉన్న బాకీ. దాని పక్కన గుమస్తా, పనివాడు, కూలీల జీతం బకాయి ఉంది, అదీ మొత్తం 20 రూపాయలకు మించకుండా. మునిసిపాలిటీ ఇంటి పన్ను ఈ మొదటి వరుసలో నిలబడుతుంది గానీ డిశ్చార్జి తర్వాత మనిషిని వెంటాడదు. రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల బాకీ మాత్రం వరుసలోనూ ముందుంటుంది, డిశ్చార్జి తర్వాతా బతికి ఉంటుంది. మనోవర్తికి ఆ వరుసలో పేరే లేదు.

ఒక ఐపీ కాగితాలు చూపిస్తాను. ఊరూ పేరూ చెప్పను. ఏ-షెడ్యూలులో అప్పులవాళ్ళ జాబితా. మొదట పురుగుమందుల కొట్టువాళ్ళు, తర్వాత ప్రాంసరీ నోట్ల మీద నూటికి రెండు వడ్డీకి ఇచ్చినవాళ్ళు, ఆ కింద చేబదులు ఇచ్చిన చుట్టాలు. పద్నాలుగో వరుసలో పిటిషనరు భార్య పేరు. ‘అప్పు స్వభావం’ అన్న గడిలో ‘ఎంసీ బకాయి’ (మెయింటెనెన్స్ కేసు బకాయి) అని, మొత్తం గడిలో 1,26,000 అని ఉంది. ఆమెకు నెలకు 4,000, ఇద్దరు పిల్లలకు చెరి 2,500 చొప్పున కోర్టు వేసిన మనోవర్తి, పద్నాలుగు నెలలది. పిల్లల పేర్లు షెడ్యూలులో ఎక్కడా లేవు. బి-షెడ్యూలులో ఆస్తులు: వంటసామాన్లు, ఒక నవారు మంచం, ఒంటి మీది బట్టలు, విలువ 3,500. అదే మనిషి పక్క హాల్లో మనోవర్తి కేసులో వేసిన అఫిడవిట్ కూడా నా దగ్గర ఉంది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంతో చెప్పి తీరాలని ఆదేశించింది కదా, ఆ అఫిడవిట్. అందులో ఒక మోటారు సైకిలు ఉంది. తండ్రి పేరున ఉన్న ఎకరంన్నరలో వాటా ఉంది. ఈ కాగితం ఆ హాలుకు వెళ్ళదు, ఆ కాగితం ఈ హాలుకు రాదు.

ఆవిడ ఆ ఐపీ నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అంతకు ముందు మనోవర్తి బకాయి వారంటు తీసుకుని వెళ్ళిన కానిస్టేబుల్‌కి అతను ఐపీ నంబరు చూపించి పంపించేశాడు. నేను ఏ-షెడ్యూలు చదివి వినిపిస్తుంటే ఆవిడ పద్నాలుగో వరుస దగ్గర ఆపమన్నారు. “నేనేమైనా నోటు రాయించుకుని అప్పిచ్చానా మేడమ్?” అన్నారు.

ఆవిడ ఆ రోజు రాకపోయి ఉంటే ఇంకో నష్టం జరిగేది. సంహిత ప్రకారం మనోవర్తి బకాయికి వారంటు కోరాలంటే అది చెల్లించాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. ఐపీ నోటీసు చూసి, ఇక రాదులే అని ఆగిపోయిన ప్రతి నెలా ఒక నెల బకాయి ఆ దారి నుంచి జారిపోతుంది. నోటీసులో ఎక్కడా ‘అమ్మా, నీ బాకీ దీనితో పోదు, నీ కేసు నువ్వు నడుపుకో’ అన్న మాట ఉండదు. మిగతా అప్పులవాళ్ళకు పంపిన నమూనానే ఆవిడకూ పంపుతారు.

ఇప్పుడు కొత్త స్మృతి సంగతి. టి.కె. విశ్వనాథన్ కమిటీ 2015 నవంబరులో ఇచ్చిన నివేదిక మీద కట్టిన ఈ చట్టంలో నాకు నచ్చిన మార్పులు ఉన్నాయి. 79వ సెక్షన్ 15వ ఉపవిభాగం మాఫీకి దొరకని బాకీలను చెబుతుంది: కోర్టులు, ట్రిబ్యునళ్ళు వేసిన జరిమానా, నిర్లక్ష్యానికీ చట్టం లేదా ఒప్పందం ఉల్లంఘించినందుకూ కట్టాల్సిన నష్టపరిహారం, విద్యారుణం, ఏ చట్టం కిందనైనా ఎవరికైనా ఇవ్వాల్సిన మనోవర్తి. ‘ఏ చట్టం కిందనైనా’ అన్నారు కాబట్టి కాలేజీకి వెళ్ళే కూతురికీ ఇక రక్షణ ఉంటుంది. 1920లో మిగిలిపోయిన కంత ఇక్కడ పూడింది. ఈ జాబితాలో ప్రభుత్వ బాకీ లేకపోవడం ఇంకా పెద్ద మార్పు. మోసం, నమ్మకద్రోహం లేకపోతే, 139వ సెక్షన్ కింద వచ్చే డిశ్చార్జితో పన్ను బకాయి కూడా పోతుంది. ప్రభుత్వ బాకీలకున్న ప్రాధాన్య క్రమాన్ని మార్చడం కూడా ఈ స్మృతి ఉద్దేశాల్లో ఒకటని దాని పీఠికలోనే రాశారు.

ఆ మార్పును నేను మనసారా సమర్థిస్తాను. కంపెనీల విషయంలో అది ఇప్పటికే జరిగిపోయింది. ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళికలో చోటు దక్కని ప్రభుత్వ బకాయిలు కూడా రద్దయినట్టేనని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోట్ల రూపాయల పన్ను బకాయి అలా పోతున్నప్పుడు, మూతపడ్డ చిన్న దుకాణం తాలూకు పాత అమ్మకపు పన్ను కోసం ఒక మనిషిని బతికినంత కాలం పట్టుకోవడంలో న్యాయం లేదు. మా జిల్లాల్లో 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద నోటీసు వస్తే ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందరి అప్పూ మాఫీ అయి కొత్తగా ఏదో మొదలుపెట్టిన మనిషి బండిని తహసీల్దారు ఆఫీసువాళ్ళు జప్తు చేస్తే, ముందు పోయేది అతని పిల్లల తిండి. (ప్రభుత్వ రంగ బ్యాంకు అప్పును కూడా జనం ప్రభుత్వ బాకీ అనే అనుకుంటారు. బ్యాంకు వేరే సంస్థ. పాత చట్టంలోనూ దాని అప్పు మిగతా అప్పులవాళ్ళ అప్పు లాంటిదే, డిశ్చార్జితో పోతుంది.)

ఒక్క చోట మాత్రం ప్రభుత్వం పట్టు విడవకూడదు. కొనుక్కున్నవాళ్ళ దగ్గర జీఎస్టీ వసూలు చేసి కట్టకుండా దాచుకున్న డబ్బు, పనివాళ్ళ జీతంలో పీఎఫ్ కోసం కోసి జమ చేయని డబ్బు దివాలాదారు సొంత బాకీ కాదు. అది ఇతరుల డబ్బు అతని చేతిలో ఉండిపోవడం. దాన్ని మాఫీ కాని బాకీల్లో స్పష్టంగా చేర్చండి. 79వ సెక్షన్‌లో ‘నిర్దేశించిన ఇతర బాకీ’ అన్న వెసులుబాటు ఉండనే ఉంది కాబట్టి దీనికి పార్లమెంటు దాకా వెళ్ళాల్సిన పని లేదు, నిబంధన చాలు. విద్యారుణాన్ని మనోవర్తి పక్కన కూర్చోబెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఇంజినీరింగ్ సీటు కోసం అప్పు తీసుకుని ఉద్యోగం రాని పిల్లవాడికీ, పిల్లల్ని పోషించని తండ్రికీ ఒకటే కఠినత్వం ఎందుకు?

కొత్త స్మృతిలో అసలు లోటు 178వ సెక్షన్‌లో ఉంది. పంపకం వరుస అక్కడ రాశారు. ముందు ఆస్తి అమ్మి పంచే ట్రస్టీ ఖర్చులు. తర్వాత రెండేళ్ళ కార్మికుల వేతనాలు, వాటితో సమానంగా తనఖా ఉన్న అప్పులవాళ్ళు. తర్వాత ఇతర ఉద్యోగుల ఏడాది జీతాలు. నాలుగో స్థానంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు రెండేళ్ళ బకాయిలు. చివరగా మిగతా అప్పులన్నీ. మనోవర్తి అన్న మాట ఈ వరుసలోనూ లేదు. బాకీ చెరిగిపోదు, నిజమే. కానీ పంచడానికి డబ్బు ఉన్న ఆ ఒక్క రోజున బిడ్డ ఎక్కడ నిలబడాలో చట్టం చెప్పలేదు. ఆ రోజు దాటాక, ఆస్తంతా అమ్ముడైపోయాక, ఆ తల్లి చేతిలో మిగిలేది వట్టి డిక్రీ కాగితం.

సుప్రీంకోర్టు ఈ విషయంలో మీ చట్టం కంటే ముందుకు వెళ్ళింది. 2024 డిసెంబరులో ఒక కేసులో, భార్యాపిల్లల మనోవర్తి హక్కు గౌరవంగా బతికే హక్కులో భాగమని, అది బ్యాంకులు తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం, దివాలా స్మృతి కింద అప్పులవాళ్ళకున్న హక్కుల కంటే పైదని చెప్పింది. మనోవర్తి బకాయికి భర్త ఆస్తి మీద తనఖా ఉన్న అప్పులవాళ్ళ కంటే ముందు హక్కు ఇచ్చింది. ఆ ఉత్తర్వును నేను ఎంసీ కోర్టులో చూపిస్తే పని జరుగుతుంది. అదే 178వ సెక్షన్ చేతిలో పెట్టుకుని పంచే ట్రస్టీ ముందు చూపిస్తే, సెక్షన్‌లో లేదు కదా అంటాడు. ప్రతి తల్లీ ఢిల్లీ దాకా వెళ్ళి ఆ వాదన గెలవాల్సిన అవసరం ఉండకూడదు. ట్రస్టీ ఖర్చుల వెంటనే, రెండో వరుసలో, పిల్లల మనోవర్తి అని ఒక్క మాట చేర్చండి. ప్రభుత్వ బాకీ ఎలాగూ నాలుగో స్థానానికి దిగింది. ఇంకో మెట్టు దిగితే ఖజానా ఖాళీ అయిపోదు.

మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. మామూలు డిక్రీ కింద జీతం జప్తు చేయాలంటే మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మనోవర్తి డిక్రీ అయితే ఉద్యోగికి వదిలేది మూడింట ఒక వంతే. పిల్లల తిండి డబ్బు మిగతా అప్పులతో సమానం కాదని 60వ సెక్షన్ గుర్తించింది. దివాలా చట్టం కూడా ఆ దారిలో నడవాలని అడుగుతున్నాను.

తర్వాత మారటోరియం సంగతి. అప్పులో ఉన్న మనిషి దరఖాస్తు వేసిన రోజు నుంచే కొత్త స్మృతి 96వ సెక్షన్ కింద తాత్కాలిక నిలుపుదల మొదలవుతుంది. ‘అన్ని అప్పులకు’ సంబంధించి, నడుస్తున్న చర్యలు ఆగినట్టే అని ఆ సెక్షన్ రాసింది. దరఖాస్తు విచారణకు తీసుకున్నాక 101వ సెక్షన్ కింద మరో 180 రోజులు. వినియోగదారుల కమిషన్ వేసిన జరిమానాల కేసులో, మాఫీకి దొరకని బాకీలకు ఈ నిలుపుదల నీడ ఉండదని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. మనోవర్తికీ అదే వర్తించాలి. కానీ మండల స్థాయి పోలీసు స్టేషన్లో వారంటు పట్టుకున్న కానిస్టేబుల్ ఆ తీర్పు చదివి ఉండడు. అతనికి కనిపించేది ‘అన్ని అప్పులు’ అన్న అక్షరాలే. ‘మనోవర్తి మినహా’ అని ఆ రెండు సెక్షన్లలో రాయించండి. నెలనెలా ఇవ్వాల్సిన డబ్బు ఆర్నెల్లు ఆగితే ఆ ఆర్నెల్లూ పిల్లలు తినకుండా ఉండలేరు, స్కూలు ఫీజు గడువు ఆగదు.

అమెరికాలో ఏం చేశారో చూడండి. అక్కడ మన తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్నారు, అక్కడి కోర్టుల్లో విడాకులూ పిల్లల పోషణ ఉత్తర్వులూ మా ఆఫీసుకు వచ్చే కేసుల్లోనూ కనిపిస్తున్నాయి. అక్కడి దివాలా చట్టంలో పిల్లల పోషణ బాకీ ఏ అధ్యాయం కింద దరఖాస్తు వేసినా పోదు. తల్లికి ప్రభుత్వం సాయం చేసి, తండ్రి దగ్గర వసూలు చేసుకునే హక్కును తన పేరున రాయించుకున్నా ఆ బాకీ పోదు. 1994లో దానికి పంపకం వరుసలో ఏడో స్థానం ఇచ్చారు, 2005లో దాన్ని మొదటి స్థానానికి తెచ్చారు. జీతంలోంచి పిల్లల కోసం కోసే డబ్బు దివాలా నిలుపుదల ఉన్నా ఆగదు. ఆదాయపు పన్ను దగ్గర మాత్రం ప్రభుత్వం వెనక్కి తగ్గింది: రిటర్ను గడువు దాటి మూడేళ్ళు, రిటర్ను వేసి రెండేళ్ళు, పన్ను నిర్ధారించి 240 రోజులు గడిచి, ఎగవేత ఉద్దేశం లేకపోతే ఆ బకాయి మాఫీకి దొరుకుతుంది. వీటన్నిటి కంటే నాకు ఎక్కువ నచ్చింది మరొకటి. పోషణ డబ్బు రావాల్సిన తల్లికి దివాలా ట్రస్టీ విడిగా ఉత్తరం రాసి, నీకు వసూలులో సాయం చేసే ఏజెన్సీ ఫలానా అని చెప్పి తీరాలి. నా బల్ల ముందు కూర్చున్న ఆవిడకు అలాంటి ఉత్తరం ఒకటి వచ్చి ఉంటే వారంటు గడువు గురించి ఆవిడ నాకు చెప్పేవారు, నేను ఆవిడకు చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. మన నిబంధనల్లో అలాంటి నోటీసు నమూనా ఒకటి తెలుగులో, ఒక పేజీలో పెట్టించండి. దివాలా దరఖాస్తు వేసే మనిషి మీద మనోవర్తి కేసు ఉంటే, ఆ కేసులో వేసిన ఆస్తుల అఫిడవిట్ కాపీ జతచేసి తీరాలని కూడా చెప్పండి. రెండు హాళ్ళ మధ్య కాగితం నడవడానికి అది చాలు.

ఈ లేఖ చదివి నేను తండ్రుల మీద కక్ష కట్టానని ఎవరైనా అనుకుంటే బాధపడతాను. నిజంగా చితికిపోయినవాళ్ళు నా క్లయింట్లలో చాలామంది ఉన్నారు. పంట పోయి, పిల్లల ముందు తలెత్తుకోలేక, భార్యకు మొహం చూపించలేక ఊరు వదిలినవాళ్ళు ఉన్నారు. మనోవర్తి ఉత్తర్వు వేసినప్పుడు ఉన్న సంపాదన ఇప్పుడు లేకపోతే, అదే కోర్టుకు వెళ్ళి తగ్గించమని అడిగే దారి ఉంది. పాత కోడ్‌లో 127, ఇప్పుడు సంహితలో 146వ సెక్షన్. ఆ దారి చాలామందికి తెలియదు, లాయర్లమైన మేం చెప్పం. ఐపీలు వేసే గుమస్తాలైతే అసలు చెప్పరు. నిజాయితీగా చితికిపోయిన మనిషికి మిగతా అప్పులు, సర్కారు అప్పుతో సహా, త్వరగా పోతే, అతని సంపాదనలో పిల్లలకు ఇవ్వడానికి కాస్త మిగులుతుంది. అందుకే బిడ్డ బాకీనీ సర్కారు బాకీనీ ఒకే లేఖలో రాశాను.

పేదవాళ్ళ కోసమని స్మృతిలో పెట్టిన ‘ఫ్రెష్ స్టార్ట్’ అధ్యాయం కూడా ఈ కారణంతోనే మీ దృష్టికి తెస్తున్నాను. ఏడాది ఆదాయం 60,000, ఆస్తులు 20,000, అప్పులు 35,000 మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు అన్నది 80వ సెక్షన్. 2016లో రాసిన అంకెలివి. రోజుకు 300 కూలితో 200 రోజులు పని దొరికినవాడు ఆ హద్దు దగ్గరికి చేరతాడు, 201వ రోజు పనికి వెళ్తే అర్హత పోతుంది. ఇందిరమ్మ ఇంటి గది ఒకటి పేరున ఉన్నా అర్హత పోతుంది. మా జిల్లాల్లో మైక్రోఫైనాన్స్ కిస్తీలు కట్టలేక తలుపులు వేసుకునే ఆడవాళ్ళలో ఈ హద్దుల్లోకి వచ్చేవాళ్ళు నాకు ఎక్కువమంది కనిపించరు. అమల్లోకి తెచ్చే ముందు ఆ అంకెలు పెంచండి.

ఆఖరిగా, ఈ దరఖాస్తులు వినే చోటు. పాత చట్టం కింద ఐపీ మా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులోనే వేస్తారు. ఊరి నుంచి బస్సెక్కి పొద్దున వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. కొత్త స్మృతి ఆ పని డెట్ రికవరీ ట్రిబ్యునళ్ళకు ఇచ్చింది. మా రెండు రాష్ట్రాల్లో అవి హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి, అనంతపురం నుంచి ఒక తల్లి తన మనోవర్తి బాకీ ట్రస్టీ లెక్కలో రాయించుకోవడానికి అక్కడికి వెళ్ళి వాయిదా మీద వాయిదా తిరగాలంటే, పిల్లల్ని ఎక్కడ వదిలి వెళ్ళాలి, ఆ రోజు కూలి ఎవరిస్తారు, ఛార్జీలు ఎక్కడి నుంచి వస్తాయి? బ్యాంకుల లాయర్లు ఆ ట్రిబ్యునళ్ళలో రోజూ ఉంటారు. ఆవిడ తరఫున ఎవరూ ఉండరు. మామూలు మనుషుల దివాలా కేసులను జిల్లా కోర్టుల దగ్గరే ఉంచండి. కనీసం మనోవర్తి ఉన్న కేసుల్లో, ఆ బాకీ మీద వచ్చే ప్రశ్నలు ఆ ఉత్తర్వు ఇచ్చిన ఫ్యామిలీ కోర్టు లేదా మేజిస్ట్రేటు ముందే తేలేటట్టు నిబంధనలో రాయించండి.

నమస్కారాలతో,
మనోవర్తి కేసులూ ఐపీలూ చూసే ఒక జిల్లా కోర్టు న్యాయవాది